ఆమెనక్క చెప్పిన సాక్ష్యం

ప్రార్థన చివర 'ఆమెన్' అంటుందని బట్టల ఫ్యాక్టరీలో ఆమెకు ఆమెనక్క అని పేరు పెట్టింది రేడియో. రేడియో అంటే పక్క మిషను మీద కూర్చునే మనిషే. పొద్దున గేటు తెరిచింది మొదలు సాయంత్రం బెల్లు కొట్టేదాకా ఆ నోటికి తాళం పడేది కాదు. ఆమెనక్క బాప్తిస్మం తీసుకుని, స్విచ్చి వేసే ముందు ఒక్క క్షణం కళ్లు మూసుకోవడం మొదలుపెట్టాక రేడియోకి కావలసినంత కాలక్షేపం దొరికింది. తనూ కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ కాలరు వంకర పోకుండా చూడు తండ్రీ" అనేది. ఆ వరస మిషన్ల లైనంతా పడీపడీ నవ్వేది. భోజనాల వేళ ఆమెనక్క వచ్చి కూర్చుంటే మిగతావాళ్లు గిన్నెలు సర్దుకుని లేచిపోయేవాళ్లు. ఆమెకు చీమ కుట్టినట్టయినా ఉండదని వాళ్ల నమ్మకం. నిజానికి ఆమెకు చాలా బాధగా ఉండేది. పైకి చెప్పేది కాదు, అంతే.

మిషను సూది ముందు, వేలు లోపలికి పోకుండా, చిన్న తీగ కంచె ఉంటుంది. దాన్ని గార్డు అంటారు. అది ఉంటే కాలరు మూల తిప్పడం ఆలస్యం. అందుకని మర విప్పి గార్డును సొరుగులో పడేయడం, తనిఖీ ఉందనగానే మళ్లీ బిగించుకోవడం అందరికీ అలవాటే. మొదట తీయమన్నది సూపర్‌వైజరే. తొందర ఆర్డరు వచ్చిన రోజున, "తీసేయండమ్మా, ఏదైనా ఉంటే నేను చూసుకుంటా" అన్నాడు.

ఒక మధ్యాహ్నం రేడియో ఎప్పటిలాగే ఆమెనక్కను వెక్కిరించడానికి తల ఇటు తిప్పింది. సూది చూపుడువేలి ఎముకలో దిగి విరిగింది. అందరూ కేకలు వేస్తుంటే, చేతిలో ఉన్న కాలరు గుడ్డతో వేలు చుట్టి ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆమెనక్కే. వేలు ఇక వంగదని చెప్పారు.

విచారణకు అధికారి వస్తున్నాడని తెలిసింది. సూపర్‌వైజరు ఆమెనక్కను పక్కకు పిలిచాడు.

"నువ్వు అబద్ధమాడవని అందరికీ తెలుసమ్మా. గార్డు రేడియో తనే తీసిందని ఒక్క ముక్క చెప్పు చాలు. నిజమే కదా!"

నిజమే. చిక్కంతా అక్కడే వచ్చింది.

సాయంత్రం గేటు దగ్గర లైనులోని ఆడవాళ్లు చుట్టుముట్టారు. ఇన్నాళ్లూ ఎడంగా తిరిగినవాళ్లు భుజం మీద చేతులు కూడా వేశారు. "మా మిషన్లకి గార్డులే ఇవ్వలేదని చెప్పక్కా. నువ్వు చెబితే నమ్ముతారు. లేకపోతే రేడియోకి పరిహారం రాదు" అన్నారు.

పాస్టరుగారిని అడిగితే, ఒక్కోసారి మౌనం కూడా మంచిదేనమ్మా అన్నారు. ఆయన మీద ఆమెకు మొదటిసారి కోపం వచ్చింది. ఇంట్లో అత్తగారు మాత్రం సూటిగానే చెప్పింది. "నీ ప్రార్థనలకి నేనెప్పుడైనా అడ్డమొచ్చానా? పని మాత్రం పోగొట్టుకోకు తల్లీ. నా కొడుకు పోయాక మనకు దిక్కు నువ్వే." ఆ రాత్రి ఆమె మోకరించింది గానీ దేవుడి దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. భయం మాత్రం అలాగే ఉండిపోయింది.

మేనేజరు గదిలో అధికారి అడిగాడు. "గార్డు ఎవరు తీశారు?"

"తనే తీసిందండీ" అంది ఆమెనక్క. సూపర్‌వైజరు హాయిగా వెనక్కి వాలాడు. "అందరం తీశాం. నాదీ సొరుగులోనే ఉండేది. తీయమన్నది ఈయనే. దెబ్బ తగిలాక అన్ని మిషన్లకీ దగ్గరుండి మళ్లీ పెట్టించారు."

తర్వాత వచ్చిన ప్రతి ఆడమనిషీ గార్డులే లేవంది. సూపర్‌వైజరు అందరూ అబద్ధాలకోరులే అన్నాడు. ఎవరి మాట నమ్మాలో తెలియక అధికారి తల పట్టుకుని, మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు. ఆమెనక్కను మాత్రం రేపటినుంచి రావద్దన్నారు. గేటు దగ్గర ఒకామె, "రేడియో నోటికాడ కూడు తీసేశావు" అంది. ఆమెనక్క గేటు దాటింది. ఇంటికి పోయి అత్తగారి ముఖం చూసే ధైర్యం లేక రేడియో ఉండే గదికి నడిచింది.

కబురు అప్పటికే చేరింది. "నా కోసం ఒక్క మాట అటూ ఇటూ చేస్తే నీ పరలోకం మునిగిపోయేదా?" అని రేడియో తిట్టడం మొదలుపెట్టింది. నోరు నొప్పి పుట్టేదాకా తిట్టింది. ఆమెనక్క కూర్చుని విన్నది. కట్టు కట్టిన కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న రేడియో జుట్టు అట్టలు కట్టి ఉంది. ఆమెనక్క కిటికీలో ఉన్న దువ్వెన తీసుకుని వెనక కూర్చుంది. రేడియో వద్దనలేదు.

"నీ ఉద్యోగం కూడా పోయిందటగా?" అంది కాసేపటికి.

"పోయింది."

"రేపు మళ్లీ ఇక్కడికి వస్తావా?"

"వస్తాను."

"వస్తే రా. నా కోసం ప్రార్థనా గీర్థనా చేయనని మాటివ్వు ముందు."

ఊఁ అంటే సరిపోయేది. ఆ గదిలో ఇంకెవరూ లేరు.

"ఇవ్వలేను" అంది ఆమెనక్క. "ఇప్పుడు కూడా అదే చేస్తున్నా."

రేడియో కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో సర్దుకుంది. ఆ తర్వాత తల ఇంకొంచెం వెనక్కి వాల్చింది.

"అక్కడ చిక్కుంది, మెల్లగా లాగు" అంది.