ఎక్కువైన పాత్ర

మా అక్కకి సినిమాలు చూసే తీరిక లేదు. నాకు పుస్తకం ముట్టుకుంటే నిద్ర. అందుకని ప్రతి ఆదివారం పొద్దున్నే నేను వాళ్లింటికి వెళ్లి ఆ వారం సినిమా చెబుతాను, తను అద్దెకి తెచ్చుకుని చదివిన నవల చెబుతుంది. ఆనక ఇద్దరం కలిసి రెండింటినీ ఉతికి ఆరేస్తాం. అక్కడ మొహమాటాలు లేవు. నచ్చకపోతే నచ్చలేదని మొహం మీదే అనేస్తాం.

నేను సినిమా హాల్లో గేటు దగ్గర టిక్కెట్లు చింపుతాను. ఆలస్యంగా వచ్చే మహానుభావులంతా లోపలికి పోయేదాకా గేటు వదలకూడదు కనుక ఏ సినిమాకీ మొదలు చూసి ఎరగను. "మొదలు తెలియకుండా నీ అభిప్రాయం ఏమిట్రా, నీ మొహం!" అని అక్క ఏడిపిస్తుంది. నాకు ఒళ్లు మండుతుంది. మొదలు చూడకపోతేనేం, ఆట వదిలాక బయటికొచ్చే మొహాలన్నీ చూసేది నేనే కదా! ఏది ఆడుతుందో ఏది బోల్తా కొడుతుందో నన్నడగండి.

అక్క దర్జీ. బావ పోయాక కిటికీ పక్కన ఉన్న ఆ కుట్టుమిషనే తనకి ఆధారం. నెల కిందట అలాగే మిషను ముందు కూర్చుని నా సినిమా కథ విన్నది. అన్నని చంపినవాళ్లని హీరో వెతికి వెతికి చంపుతాడు, కొట్లాటలన్నీ వానలోనే.

"వాడికి జలుబన్నా చెయ్యదట్రా?" అంది.

పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. తర్వాత తన వంతు.

"ఈసారి నవల కాస్త నిదానం. మధ్యలో అడ్డం రాకుండా విను" అని మొదలుపెట్టింది.

గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన. పెళ్లీ పెటాకులూ లేవు, ఉన్నదల్లా ఒక చెల్లెలు. ఆయనకి మెల్లమెల్లగా చూపు పోతోంది. చెల్లెలికి చెబితే తన ఇంటికి తీసుకుపోతుంది. ఆమెదేమో అగ్గిపెట్టెలాంటి ఇల్లు, మొగుడు, పిల్లలు. చెప్పాలా, మానాలా అని ఆయన తనలో తాను కొట్టుకుంటూ ఉంటాడు. అక్క అంతవరకూ చెప్పి ఆగింది.

"నిజం చెప్పనా?" అన్నాను. "ఆ రాసినవాడికి కత్తిరించడం చేతకాదు. ఆ అన్న పాత్ర ఎక్కువైంది. చెల్లెలింట్లో తెచ్చి మూల కూర్చోబెడితే కథ అక్కడే చతికిలబడుతుంది. పిల్లలకి కాళ్లు చాపుకునే చోటుండదు, మొగుడూ పెళ్లాలకి రోజూ గొడవలే. హాల్లో జనం లేచిపోతారక్కా! ఆయన్ని ఏ ఆశ్రమానికో పంపేస్తే పీడా వదులుతుంది, కథా నడుస్తుంది."

"చెల్లెలు బాధపడదూ?"

"పడుతుంది. ఒక పాట పెట్టేస్తే సరి. ఆ తర్వాత హాయిగా ఉంటుంది."

"అంతేనంటావా?" అంది అక్క.

"నూటికి నూరుపాళ్లు!"

ఆ పై ఆదివారం నవల పూర్తయిందని చెప్పింది. పెద్దాయన ఎవరికీ చెప్పకుండా ఆశ్రమానికి వెళ్లిపోయాడట. "చూశావా, మనమంటే ఏమిటనుకున్నావు!" అని జబ్బలు చరుచుకున్నాను. ముగింపంటే అలా ఉండాలని గంటసేపు లెక్చరు దంచాను. అక్క ఓపిగ్గా అంతా విన్నది.

మా హాల్లో టిక్కెట్ల కౌంటరు దగ్గర ఉండే ఆవిడకి పుస్తకాల పిచ్చి. ఆ కథ చెప్పేసరికి ఆ నవల తెచ్చిపెట్టమని నా ప్రాణం తీసింది. సరే, మొదటి ఆటకి ముందే పని కానిద్దామని నిన్న అక్క ఇంటికి బయల్దేరాను.

మెట్ల మీద ఇద్దరు మనుషులు అక్క కుట్టుమిషను కిందికి దించుతున్నారు. నేను పరుగున పైకి వెళ్లాను. అక్క మంచం అంచున కూర్చుని ఉంది. కాళ్ల దగ్గర ఒక సంచీ. పక్కన ఎవరో ముక్కూమొహం తెలియని ఆడమనిషి.

నా అడుగుల చప్పుడుకి అక్క ఇటు తిరిగింది. నా మొహంకేసి కాదు, నా భుజం పక్కనున్న గోడకేసి చూస్తూ, "ఎవరూ?" అంది.

నేను ఎదురుగా నిలబడి ఉండగా మా అక్క నన్ను ఎవరని అడిగింది.

"నేనేనక్కా" అన్నాను.

అక్క మొహం వాడిపోయింది. "ఇవాళ ఆదివారం కాదు కదరా" అని గొణిగింది.

షుగరట. నిరుటి నుంచీ మసకగానే ఉందట. ఇప్పుడు వెలుతురు తెలుస్తుంది గాని మొహాలు తెలియవట, డాక్టరు ఇక చేసేదేమీ లేదన్నాడట. నెలల తరబడి ఆ మిషను మీద ఒకే గౌను ఉందని నాకు అప్పుడు తట్టింది. నేను సినిమా కథల ధ్యాసలో పడి దానివంక సరిగ్గా చూస్తే కదా!

"మరి ఆ నవల ఎలా చదివావు?"

"చదవలేదురా" అంది.

నేను నేలమీద కూలబడ్డాను. ఆమె మోకాళ్లు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. "కథ అనుకుని వాగానే! నీ సంగతని తెలిస్తే అలా అంటానా? నా నోరు పడిపోను! మా ఇంటికి పద. నీ మరదలు కూడా ఏమీ అనదు."

"అనదు. నువ్వూ అనవు. నాకు తెలియదా?" అంటూ అక్క నా తల నిమిరింది. "నేను అడిగితే ఏడ్చి రాగాలుపెట్టి తీసుకుపోతావు, నీ మంచం కూడా నాకే ఇచ్చేస్తావు. అందుకే నా సంగతి అడగలేదు. కథైతే నిజం చెబుతావు."

ఆశ్రమం నుంచి వచ్చిన ఆవిడ ఇబ్బందిగా లేచింది. "మీరు తీసుకెళ్తానంటే మాకేం అభ్యంతరం లేదండీ. ఏం చెయ్యమంటారు?" అని నన్నడిగింది.

మా ఇంటికే అనడానికి నోరు తెరిచాను. మా రెండు గదులూ కళ్ల ముందుకొచ్చాయి. బల్ల కింద పడుకునే చిన్నది, స్థలం కోసం రోజూ కొట్టుకు చచ్చే పిల్లలు, చీటికీమాటికీ విసుక్కునే మా ఆవిడ. మాట రావడం కొంచెం ఆలస్యమైంది. ఎంతో కాదు, కొంచెమే. నా తల మీద అక్క చెయ్యి ఆగిపోయింది.

"మా ఇంటికే" అన్నాను గట్టిగా.

"బయల్దేరదామమ్మా" అంది అక్క ఆవిడతో, గోడ తడుముకుంటూ లేచి.

సంచీ నేనే మోశాను.