పాస్టరమ్మ పొట్టి చెట్లు

పాస్టరు భార్యకు ఇల్లంటూ ఉండదు. ఏటా చర్చి కాన్ఫరెన్సులో బదిలీల జాబితా నుంచి చదివిన ఊరే ఊరు, తాళంచెవి చేతికిచ్చిన కొంపే కొంప. నాలుగేళ్లు తిరక్కుండానే మళ్ళీ లారీ వస్తుంది, మూటలు ఎక్కుతాయి. పెళ్ళయిన నాటి నుంచి స్తుతికి తనవంటూ ఉన్నవి ఆ పొట్టి చెట్లే. మోర్‌పంఖిలు, జూనిపర్లు, కొనలు పసుపు తిరిగే ఒక సైప్రస్. ఎన్నేళ్లు పెంచినా మోకాలు దాటని రకాలు. జనం అన్నింటినీ కలిపి క్రిస్మస్ చెట్లనేవారు. ఎవరెన్ని చెప్పినా ఆమె వాటిని నేలలో పెట్టలేదు. కుండీలో ఉంటేనే వెంట వస్తాయని ఆమెకు బాగా తెలుసు.

అంత తెలిసిన మనిషీ జమ్మికుంటలో మోసపోయింది.

అక్కడి సంఘ పెద్ద తోమాసు. అతని భార్య వినోద రోజూ సాయంత్రం మిషన్ కాంపౌండులోకి వచ్చి పాస్టరు ఇంటి అరుగు మీద కూర్చునేది. తియ్యగా మాట్లాడుతూనే ఇల్లంతా కళ్ళతో కొలిచే రకం. ఒక వానాకాలం ఆ కన్ను కుండీల మీద పడింది.

"కుండీలల్ల ఎందుకమ్మగారూ వాటికి గీ గోస? భూమిల పెట్టుండ్రి. మిమ్ముల మేం యాడికి పోనిస్తం? మా ఆయన బిషపయ్యగారితోని మాట్లాడిండు. ఇంకా కొన్నేండ్లు మీరే మా పాస్టరమ్మ" అన్నది వినోద.

స్తుతి నమ్మింది. నమ్మాలని ఎన్నేళ్లుగానో ఉంది కనుక నమ్మింది, పిచ్చి మొహం!

అక్కడిది నల్లరేగడి. వానకు నీళ్ళు పట్టి ఉంచి, ఈ చెట్ల వేళ్ళను కుళ్ళబెడుతుంది. అందుకని మొరం, ఇసుక పోయించి గుమ్మం ఎదుట చిన్న మిట్ట కట్టించింది. పైన సైప్రస్, వాలులో మోర్‌పంఖిలు, అడుగున నేల పట్టుకొని పాకే జూనిపర్లు. మానేరు గుండ్రాళ్ళు పేర్చి, మధ్యలోంచి తెల్ల ఇసుకతో నీళ్ళు లేని వాగును దించింది. ఎండ ముదిరాక పడమటి వైపు పరదా కట్టి, రెండు పూటలా నీళ్ళు పోసింది. ఆదివారం ఆరాధన ముగిసిందంటే పిల్లా పెద్దా అంతా అక్కడే ఫోటోలు. ఊటీకి పోయినట్టే ఉందని మెచ్చుకోనివారు లేరు. గోళ్ళ సందున మట్టి కడుక్కుంటూ, ఇది నా ఇల్లు అని స్తుతి మొదటిసారి అనుకుంది.

ఆ ఎండాకాలమే కాన్ఫరెన్సులో పేర్లు చదివారు. ఆమె భర్త ఫిలిప్ పాస్టరుకు ఆసిఫాబాద్.

కబురు విన్న స్తుతి ఏడవలేదు. గడ్డపార తీసుకొని మిట్ట దగ్గరికి నడిచింది. ఏడాదైనా నిండని వేళ్ళు. మట్టిగడ్డతో సహా లేపితే కుండీలో బతుకుతాయి. ఒక్క పోటు వేసిందో లేదో, తోమాసు, వినోద వచ్చి అడ్డం నిలబడ్డారు.

"కుండీలల్ల ఉంటే మీయే అమ్మగారూ. భూమిల పెట్టినంక సంఘానియి" అన్నాడు తోమాసు.

వచ్చే నెల తమ కొడుకు ప్రణయ్ పెళ్లి అని, ఫోటోలన్నీ ఈ మిట్ట ముందే తీయించాలనుకున్నామని వినోద బతిమాలుతున్నట్టే చెప్పింది. ఫిలిప్ వచ్చి, పోనీ, చెట్ల కోసం కొట్లాట ఎందుకని భార్య చేతిలోంచి గడ్డపార తీసుకున్నాడు. ఆయన లోకానికంతా మంచివాడు. స్తుతి మొహం చూసి వినోద ఓదార్చబోయింది.

"ఫికర్ చెయ్యకుండ్రి అమ్మగారూ. మేం పోయిన కాన్ఫరెన్సులనే వేరే అయ్యగారిని అడిగినం. గప్పుడియ్యలే, గిప్పుడిచ్చిండ్రు. మీ మీద కోపమేం లేదు."

పోయిన కాన్ఫరెన్సు పోయిన ఎండాకాలం జరిగింది. చెట్లను నేలలో పెట్టమన్నది ఆ తర్వాతి వానలకు. అంతకు ముందే, కాంపౌండు ముందరి జాగా పత్తి వ్యాపారికి కిరాయికిద్దామని తోమాసు అంటే ఫిలిప్ ఒప్పుకోలేదు. అప్పటి నుంచే వీళ్ళు ఆయన్ని సాగనంపే పనిలో ఉన్నారు. అరుగు మీద ఆ తియ్యటి మాటలన్నీ అది కడుపులో పెట్టుకొని ఆడినవే.

వెళ్ళే రోజు మధ్యాహ్నం జనమంతా చర్చి వెనక వీడ్కోలు భోజనాల దగ్గరున్నారు. స్తుతి ఇంటికి తాళం వేసి వస్తానని చెప్పి వెనక్కి వచ్చింది. ప్రతి చెట్టు చుట్టూ గడ్డపార ఏటవాలుగా దించి, అడుగు దాకా వేళ్ళు కోసింది. మట్టి సర్ది, తొక్కి, గుండ్రాళ్ళు ఎక్కడివక్కడ పెట్టింది. వేరు తెగినా ఈ చెట్ల ఆకు వెంటనే వాడదు. చచ్చాక కూడా వారాల తరబడి పచ్చగానే నిలబడి ఉంటుంది. సరిగ్గా ప్రణయ్ పెళ్లి నాటికి ఎర్రబారతాయని లెక్క వేసుకుంది. వేళ్ళు పుటుక్కుమంటుంటే ఆమె ఏడుపూ ఆగలేదు, చేయీ ఆగలేదు. చివరికి ఖాళీ కుండీలు మాత్రం లారీ ఎక్కించింది.

ఆసిఫాబాద్‌లో సామాన్లు సర్దుకున్నాక ఒక రాత్రి ఫిలిప్‌కు అన్నం వడ్డిస్తుంటే ఫోను మోగింది. జమ్మికుంటకు వచ్చిన కొత్త పాస్టరమ్మ మమతారాణి. గొంతు వింటే పట్టుమని పాతికేళ్లు ఉంటాయా అనిపించింది.

"అక్కా, నీ చెట్లు మస్తున్నయి. పెండ్లిదాక ఒక్కటి ఎండినా జవాబు నాదే అన్నది వినోదక్క. సంఘమంత నన్నే అడుగుతరట. జర పరేషానయితుంది. పొద్దుమాపు నీళ్ళు పోస్తున్న. ఒక్క ఆకు గూడ వాడలే. ఇంకేమన్న చెయ్యాల్నా అక్కా?"

ఎవరి మెడకు చుట్టుకోవాలని చేసిన పని ఎవరి మెడకు చుట్టుకుంటోంది! వినోద ఇంకో మిట్ట కట్టించుకుంటుంది, ఇంకొకరి కుండీలు దించుకుంటుంది. మాట పడేది ఈ పిల్లే. చెట్ల వేళ్ళు తనే కోసిందన్న నిజం స్తుతి నాలుక చివరి దాకా వచ్చింది. చెబితే అది తోమాసుకు చేరుతుంది, ఫిలిప్‌కు చేరుతుంది. ఆమెకు ధైర్యం చాలలేదు. అంత పిరికిదాన్నని తనకే అసహ్యం వేసింది.

"గట్లనే నీళ్ళు పొయ్యి చెల్లె. మంచిగ చూస్తున్నవు" అని ఫోను పెట్టేసింది.

"చెట్లెట్లున్నయట?" అని అడిగాడు ఫిలిప్.

"పచ్చగున్నయట" అన్నది స్తుతి.

"దేవునికి స్తోత్రం" అని ఫిలిప్ అన్నంలో చారు పోసుకున్నాడు.