ఉచిత క్యాంపు కాదు

ఈసారి కూడా అవతలివాళ్లు మాట పూర్తికాకుండానే ఫోన్ పెట్టేశారు. కృపావతి మెడ వెనక పట్టేసిన నరాన్ని బొటనవేలితో నొక్కుకుంది. గుడివాడలోని ఆ కార్ల షోరూమ్‌లో ఆమెది మెట్ల కింది బల్ల. గోడ అవతల కార్లు కడిగే నీటి హోరు. దాన్ని మించి మాట్లాడీ మాట్లాడీ ఇంట్లో కూడా గొంతు తగ్గడం మానేసింది. సన్నటి మనిషి, గంజి పెట్టిన నూలు చీర, పొడిబారిన పెదవులు. భర్త పోయినప్పటి నుంచీ ఈ కుర్చీలోనే. షోరూమ్‌కి వచ్చేవాళ్లు ఆమెను చూడరు. గొంతు మాత్రం బందరు నుంచి కోడూరు దాకా కార్లున్న చాలా ఇళ్లకు తెలుసు.

ఈ వారం చెప్పాల్సిన మాటలు కంప్యూటర్ తెర మీద ఉన్నాయి: ‘మీ కారుకు ఉచిత చెకప్ క్యాంపు.’ అసలు సంగతి వేరు. ఆ చిన్నకారు మోడల్లో స్టీరింగ్ కింది భాగం ఒకటి లోపంతో తయారైంది. నడుస్తుండగా బిగుసుకుపోవచ్చు. వెనక్కి పిలిచి మార్చమంది కంపెనీ. లోపం అనే మాట మాత్రం అనవద్దన్నాడు మేనేజరు వెంకట్. కొత్త కార్లు కొనేవాళ్లు బెదిరిపోతారట.

పైగా చాలా బండ్లు చేతులు మారాయి. కొన్నవాళ్లు పేరు మార్పించుకోలేదు. కంపెనీ మెసేజ్‌లు అమ్మేసినవాళ్లకే వెళ్తున్నాయి. అలా అమ్మేసిన ఒక డాక్టరుగారిని బతిమాలితే, గిలకలదిండిలో చేపల వ్యాపారం చేసే పెద్దింట్లమ్మ నంబరు దొరికింది.

“మేడం, మీ కారుకు ఉచిత...”

“ఫ్రీయా? మీ ఫ్రీ నాకు తెలీదా తల్లీ!” చేపల వేలంపాట అరుపుల మధ్య పెద్దింట్లమ్మ నవ్వింది. “మా బావ ఫ్రీ అని వస్తే టైర్లన్నీ మార్చి బిల్లు చేతిలో పెట్టారు. నేను కూడా చేపలమ్మేప్పుడు ఐసు ఫ్రీ అనే చెప్తాను!”

కృపావతికీ నవ్వొచ్చింది. “బండిప్పుడు ఎక్కడుందండీ?”

“ఇక్కడే, బయల్దేరుతోంది. మా అల్లుడు శివ, అమ్మాయి, పిల్లది గుడివాడ వస్తున్నారు. ఉంటానమ్మా.”

గుడివాడ రోడ్డు. పక్కనే నిండుగా పారే కాలువ. కృపావతి తెర మీంచి చూపు తిప్పేసింది.

“పెట్టెయ్యకక్కా! క్యాంపూ లేదు, ఏమీ లేదు. నీ కారు స్టీరింగ్‌లో లోపం ఉంది. తప్పు కంపెనీదే. మలుపులో బిగుసుకుపోతే కాలువలోకి వెళ్లిపోతారు. వాళ్లని దింపు. తాళం నీ కొంగున కట్టుకో.”

ఫోన్‌లోంచి దూరంగా పెద్దింట్లమ్మ కేక, “శివా, ఆపయ్యా! ముందు పిల్లదాన్ని దింపు!”

ఫోన్ ఆగిపోయింది. వెనక వెంకట్ నిలబడి ఉన్నాడు.

“ఏంటండీ కృపావతిగారూ, లోపం అంటారేంటి? రికార్డవుతోంది, తెలుసా?”

“అవనివ్వండి. గట్టిగానే చెప్పాను.”

“క్యాంపంటే రారా?”

“రావట్లేదు సార్. మన ఫ్రీ సంగతి ఊళ్లన్నిటికీ తెలుసు.”

“అయితే రేపట్నుంచి మీరూ రావద్దు.”

“సరే. సాయంత్రం దాకా ఈ కుర్చీ నాదేగా?”

వెంకట్ ఇంకేదో అనబోయాడు. కొత్త కారు చూడటానికి వచ్చిన కుటుంబం అప్పటికే ఇటు తిరిగి వింటోంది. వాళ్లకేసి ఒక నవ్వు నవ్వి తన గదిలోకి వెళ్లిపోయాడు. కృపావతి తర్వాతి నంబరు నొక్కింది. ఆ రోజంతా ప్రతి ఫోన్‌లోనూ, నీటి హోరు మీదుగా, లోపం అన్న మాట షోరూమ్ గాజు తలుపుల దాకా వినబడింది.

పొద్దు వాలాక ఆమె సంచీ భుజానికి తగిలించుకుని గేటు దాటుతుంటే ఐసు లారీ ఒకటి లోపలికి తిరిగింది. దాని మీద తెల్ల కారు, పడవను కట్టినట్టు చుట్టూ మోకులతో బిగించి ఉంది. ముందు సీట్లోంచి లావుపాటి ఆడమనిషి దిగింది.

“పొద్దున నన్ను హడలగొట్టిందెవరమ్మా?”

“నేనేనక్కా.”

పెద్దింట్లమ్మ ఆమెను కిందా మీదా చూసింది. “ఆ గొంతుకి మనిషి ఇంతేనా! రా, లోపలికి. నువ్వు దగ్గరుండి బాగుచేయించు.”

“లోపలివాళ్లనే అడుగు. లోపం అనే అడుగు. క్యాంపంటే ఊరుకోకు.”

బందరు బస్సు వస్తే కృపావతి ఎక్కి వెళ్లిపోయింది.

పలకలు వేసి కారును దించారు. లారీ వెళ్లిపోయింది. అద్దంలా తుడిచిన తెల్లటి నేల మీద పడవ మోకు ఒకటి మిగిలిపోయింది, చేప పొలుసులంటుకుని, ఇంకా నీళ్లు కారుతూ.