వదిలేసిన బెడ్డు

ఏ ప్రోగ్రామునైతే సంయుక్త ఏడాదిపాటు తిట్టుకుంటూ రాసిందో, చివరికి భర్త ప్రాణం దాని చేతిలోనే పడింది.

ఆ మధ్యాహ్నం జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో మంచు విడవకుండా కురుస్తోంది. కరోనాతో ఆసుపత్రిలో ఉన్న శశికాంత్‌ను వెంటిలేటర్ ఉన్న పెద్దాసుపత్రికి మార్చాలన్నారు డాక్టర్లు. క్వారంటైన్‌లో ఉన్న సంయుక్త గడప దాటడానికి లేదు. వంటింటి బల్ల మీద లాప్‌టాప్ ముందు కూర్చుంది. రోగులను ఒక ఆసుపత్రి నుంచి మరోదానికి మార్చే ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ళ కంపెనీదే, ఆ పూట దాన్ని కనిపెట్టుకుని ఉండే డ్యూటీ ఆమెదే. తెర మీద పేర్లుండవు, నంబర్లే. అయినా ఆసుపత్రి, వేళ చూసి ఏ నంబరు తనవాడిదో పోల్చుకుంది.

ఆ ప్రోగ్రాములో బెడ్డు సంగతి ఒక విభాగం చూస్తుంది, డాక్టరు సంగతి మరొకటి, అంబులెన్సు సంగతి ఇంకొకటి. దేని లోకం దానిది. మూడూ కుదిరితేనే రోగి కదలాలి. ఒక్కటి తప్పినా, అప్పటిదాకా ఆ రోగి కోసం పట్టుకున్నవన్నీ వెనక నుంచి ఒక్కొక్కటిగా వదిలేయాలి. ఆ వదలడమనే భాగాన్ని టీమ్ లీడ్ ఆండాళ్ పట్టుబట్టి సంయుక్త చేత రాయించింది. పట్టుకోవడం ఎవరైనా రాస్తారు అనేది ఆవిడ.

బెడ్డు దొరికింది. డాక్టరు ఒప్పుకున్నాడు. అంబులెన్సు మాత్రం మంచులో చిక్కుకుని రాలేనంది. ప్రోగ్రాము డాక్టర్ని వదిలేసి, బెడ్డు వదలడానికి సిద్ధమైంది. పక్కనే, అలా వదలకుండా నిలిపే 'ఆపు' బటన్.

సంయుక్త ఆండాళ్‌కు ఫోన్ చేసింది.

"అక్కా, ఈ బటన్ నొక్కితే బెడ్డు ఆగుతది. శశి కోసం అక్కా."

వరంగల్ మనిషి ఆండాళ్ ఉన్నమాట చెప్పింది.

"ఆగుతది బిడ్డా. అంబులెన్స్ లేకుండ ఆపి ఏం జేస్తవ్? బెడ్డు ఖాళీగుంటది. ఇంకెవరికో ఊపిరాడుతలేదు. నేనైతే నొక్కుమని చెప్ప."

సంయుక్త ఏడుస్తూనే చెయ్యి వెనక్కి తీసుకుంది. మరుక్షణం ఆ బెడ్డు పక్కన వేరే నంబరు పడింది.

ప్రోగ్రాము మనిషిలా డీలాపడదు కదా, మళ్ళీ మొదటి నుంచి వెతకసాగింది. పక్క ఊరు బ్రౌన్‌ష్వైగ్‌లో ఒక బెడ్డు పట్టింది. డాక్టరు సరేనన్నాడు. ఈసారి అంబులెన్సూ సరేనంది. తెర మీద శశికాంత్ నంబరు పక్కన మూడు గడులూ పచ్చబడ్డాయి.

సాయంత్రం శశికాంత్ క్షేమంగా చేరాడని కబురొచ్చాక, ఆ బెడ్డు ఎలా దొరికిందో వెనక్కి వెళ్ళి చూసింది. అది అంతకుముందు ఇంకెవరికో ఇచ్చినదే. ఆ రోగి అంబులెన్సూ మంచులో ఆగిపోతే ప్రోగ్రాము వదిలేసింది. అక్కడ ఆ పని చూసేవాళ్ళకూ 'ఆపు' బటన్ ఉంది. ఎవరూ నొక్కలేదు.

విసుక్కుంటూ రాసిన నాలుగు లైన్లు ఇంత పని చేస్తాయని సంయుక్త కలలో కూడా అనుకోలేదు. ఆ బెడ్డు వదులుకున్న ముక్కూమొహం తెలియని రోగి నంబరు ఇంకా వెతుకులాటలోనే ఉంది.

డ్యూటీ అయిపోయింది. లాప్‌టాప్ మూయబుద్ధి కాలేదు. ఆ నంబరు పక్కన మూడు గడులూ పచ్చబడేదాకా ఆమె అక్కడి నుంచి లేవలేదు.