సాంచలు ఆగిన పూట

గాలిలో నూగు.

కంటికి ఆననంత సన్నటి దారపు నూగు... ఎండ తగిలిన చోట ఒక్కసారి మెరుస్తుంది, మళ్లీ మాయమవుతుంది.

సిరిసిల్లలో ఆ వాడ మొత్తం మీద అది వాలుతుంది. ఆరేసిన బట్టల మీద. మూతపెట్టని నీళ్ల మీద. ఆ రోజు అస్మా కారుకు వేసిన ఎర్ర రంగు మీద కూడా వాలింది.

తడి రంగు దాన్ని పట్టుకుంది. వదల్లేదు.

కారు చిన్నది. పాతది. రెండే సీట్లు, పైకప్పు లేదు. ఒకప్పుడు హైదరాబాద్ రోడ్ల మీద జనం ఆగి చూసిన స్పోర్ట్స్ కారు. అస్మా కొనేనాటికి ఒక షెడ్డులో దాని మీద కోళ్లు కూర్చుంటున్నాయి.

అస్మా డ్రైవింగ్ స్కూల్లో ఆడవాళ్లకు కారు నేర్పుతుంది. పెళ్లి తెగిపోయి తల్లి లతీఫున్నీసా దగ్గరికి వచ్చాక పట్టిన పని అది. రోజంతా స్టీరింగ్ ఇంకొకరి చేతుల్లో... పక్క సీట్లో తను, కాలు బ్రేకు మీద.

తనకూ ఒక స్టీరింగ్ కావాలనిపించింది. కొంది. ఇంజన్ బాగుచేయించింది.

రంగు వేయించడానికి కోరుట్ల తీసుకెళ్లింది. అక్కడి పెయింటర్ కారు చుట్టూ తిరిగాడు. మంచి బండి అన్నాడు. తర్వాత ఆమె భుజం మీదుగా వెనక్కి చూశాడు — ఎవరైనా వస్తున్నారేమోనని.

"మీ ఇంటాయనను తోలియ్యమ్మా. రంగు సంగతి ఆయనతోని మాట్లాడుత."

అస్మా కారు తిప్పుకుని వచ్చేసింది.

తనే వేస్తుంది. ఇంటి వాకిట్లోనే.

గీకింది. పైన తెలుపు. తెలుపు కింద నీలం. నీలం కింద... ఎరుపు. తలుపు సందులో, ఎండ ఎన్నడూ తగలని చోట, నిన్న వేసినట్టున్న ఎరుపు. కారు పుట్టిన రంగు.

అదే వేస్తానంది. తల్లి వద్దంది.

"తెల్లగ ఉంటె ఏమైంది? ఎర్ర బండిల తిరిగితె మంది ఏమంటరు బేటీ? ఇప్పటికె అనేటోళ్లు అంటనే ఉన్నరు."

"అననీ అమ్మీ."

"నీకేంది, నువ్వు బండెక్కి పోతవ్. ఇంట్ల ఉండి వినేది నేను."

అది నిజమే.

అయినా జగిత్యాల వెళ్లి, తలుపు సందు చూపించి, ఆ ఎరుపే కలిపించింది. కలిపినవాడు ముందే చెప్పాడు — ఇంకోసారి కలిపితే ఇదే రంగు రాదు, ఎంతో కొంత తేడా వస్తుంది.

ఆ డబ్బాలో సగం ఇప్పుడు నూగు పాలైంది.

ఎండిన రంగు మీద అరచెయ్యి వేస్తే వారం రోజుల గడ్డంలా గరగర. అంతా మళ్లీ గీకాలి. గీకింది. నీళ్లు పోస్తూ, ఎమరీ కాగితంతో, భుజాలు పడిపోయేదాకా.

నూగు వచ్చేది గోడ అవతల బాలయ్య షెడ్డు నుంచి. అక్కడ సాంచలు, అంటే కరెంటు మగ్గాలు, పగలూ రాత్రీ బట్ట నేస్తున్నాయి. చీరల ఆర్డర్ నడుస్తోంది, సెలవు లేదు. కరెంటు పోతే సాంచలు ఆగుతాయి. గాలి తేటపడుతుంది. కాని కరెంటు పోతే అస్మా రంగు చల్లే కంప్రెసర్ కూడా ఆగుతుంది.

కరెంటు ఉండాలి. సాంచలు ఆగాలి.

రెండూ ఒక్కసారే కావాలి.

అస్మా వెళ్లి అడిగింది. "ఒక్క పూట బంద్ వెడ్తవా కాకా?"

ఆ చప్పుడులో బాలయ్య చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని విన్నాడు. "బట్ట టైముకు ఇయ్యకుంటె మల్ల నూలియ్యరు బిడ్డా. కారుకు రంగేసుటానికి సాంచలు ఆపిన్నంటె నవ్వుతరు."

కోపంగా అనలేదు. ఉన్న మాట అన్నాడు.

ఆమె వచ్చి టార్పాలిన్లు కట్టింది. నేలంతా నీళ్లు చల్లింది. నూగు ఎక్కడి నుంచో దూరుతూనే ఉంది...

మర్నాడు పొద్దున కారు తుడుస్తుంటే — చప్పుడు ఆగిపోయింది.

ముందు తన చెవులకే ఏదో అయిందనుకుంది. తర్వాత ఎవరింట్లోనో కుక్కర్ కూత వినిపించింది. వరండాలో ఫ్యాను తిరుగుతూనే ఉంది. కరెంటు పోలేదు.

గోడ అవతల తల్లి గొంతు. సాంచల మధ్య అరిచినట్టే, అవి ఆగినా ఇంకా అరుస్తోంది.

"ఎర్రదే ఏస్తది! ఏస్తె ఏంది? దాని బండి, దాని ఇష్టం! ఎన్నొద్దులాయె గీకవట్టి, చేతులు ఎట్లయినయో పోయి జూడుండ్రి!"

బాలయ్య భార్య లచ్చవ్వ నవ్వింది. "ఆపినం గదక్కా. ఇంకెందుకు ఒర్లుతున్నవ్?"

అస్మా తుడిచే గుడ్డ పక్కన పడేసింది.

తర్వాత మాస్కు కట్టుకుంది. రంగు కొట్టే గన్ అందుకుంది.

ఆపకుండా... తొందరపడకుండా. ఈ చివర నుంచి ఆ చివరకు. ఎరుపు పొగమంచులా వెళ్లి, కారును తాకి, రంగయింది. డోర్లు. వెనక భాగం. బానెట్. ఆరనిచ్చి మళ్లీ ఒక పూత. డబ్బా అడుగు కనిపించింది. బోర్లించి ఆఖరి చుక్క దాకా గన్‌లో పోసింది.

ఇక ఆరాలి. ఆరేదాకా సాంచలు కదలొద్దు.

ఆ సంగతి లతీఫున్నీసాకు ఎవరూ చెప్పలేదు. అయినా పెద్ద గిన్నెలో చాయ్ పట్టుకుని మళ్లీ అటు వెళ్లింది. బాలయ్యకు పోసింది. సాంచల మీది పనివాళ్లకు పోసింది. బోయినపల్లిలో పడ్డ వాన గురించి అడిగింది. బాలయ్య లేవబోతే —

"కూసో తమ్మీ. ఇంకింత తాగు."

చాయ్ అయిపోయాక గిన్నె పట్టుకుని వాకిట్లోంచే ఇంట్లోకి వచ్చింది.

అస్మా పెరట్లో గన్ కడుగుతుండగా సాంచలు మొదలయ్యాయి. ముందు ఒకటి. ఆ వెంట అన్నీ.

వచ్చి చూసింది. నూగు లేదు. అద్దంలా ఉంది. ఆకాశం కూడా దానిలో ఎర్రగానే ఉంది.

బానెట్ అంచున మాత్రం... ఒక వేలి ముద్ర. గీతలతో సహా, స్పష్టంగా.

"అమ్మీ, దీన్ని ఎవలు ముట్టిండ్రు?"

"నాకేం ఎరుక? ఎవలో ముట్టిండ్రు."

తల్లి కుడిచెయ్యి కొంగులో ఉంది. ఎడమచేత్తో తలుపు తీసింది. ఎడమచేత్తో గ్లాసు అందుకుంది.

డబ్బాలో రంగు లేదు. గీకితే ఆ చోట ఇంకో ఎరుపు వేయాలి. అస్మా ఎమరీ కాగితం చేతిలోకి తీసుకుంది. తిప్పి తిప్పి చూసింది. పక్కన పెట్టింది.

వేలికంటిన రంగు తిన్నర్‌తోనే పోతుంది. ఒక గుడ్డ తిన్నర్‌లో ముంచి, మడిచి, తల్లికి అందేలా బావి గట్టు మీద పెట్టి, స్కూలుకు వెళ్లిపోయింది.

సాయంత్రం వచ్చేసరికి గుడ్డ అక్కడే ఉంది.

తిన్నర్ ఆవిరై, ఎండి, బిరుసెక్కి... పెట్టిన మడత పెట్టినట్టే.