విగ్గుల ప్రకటన

అక్క పోయిన రోజు సాయంత్రం, స్కూలుకి సెలవు చీటీ పంపుదామని ఇంట్లో కంప్యూటర్ తెరిచాను. పక్కన విగ్గుల ప్రకటన వచ్చింది. పొట్టి జుట్టు, పొడుగు జుట్టు, భుజాల దాకా వంకీలు తిరిగిన జుట్టు. పైన ‘మీకు నచ్చేవి’ అని రాసి ఉంది. క్యాన్సర్ మందులకి తన జుట్టు ఊడిపోయాక అక్కా నేనూ పక్కపక్కన కూర్చుని వెతికినవే. కొనకముందే అక్క వెళ్లిపోయింది.

అవి వెళ్లలేదు. నా క్లాసు పిల్లల మార్కులు ఎక్కిస్తున్నా, కరెంటు బిల్లు కడుతున్నా పక్కన అవే. మా ఇంట్లో కంప్యూటర్‌కీ, మా ఆయన ఫోన్‌కీ ఒకటే అకౌంటు, అదీ ఆయనదే. నేను వెతికేదంతా ఆయన ఫోన్‌లో కనపడుతుంది. ఒకసారి అన్నాల దగ్గర చదివి వినిపించారు. “అమ్మా, నీ కోడలు ఇవాళ ఏం వెతికిందో తెలుసా? నలభై దాటాక ఈత నేర్చుకోవచ్చా అట!” అత్తయ్యకి నవ్వుతో పొలమారింది. “సింకు నిండా గిన్నెలున్నాయి, ముందు అందులో ఈదమను” అన్నారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత పాఠాలు, వంటలు తప్ప ఇంట్లో ఏమీ వెతకలేదు. అక్క జబ్బు గురించి అడగాలనుకున్నవి కూడా చాలావరకు నాలోనే ఉండిపోయాయి. విగ్గులొక్కటే అక్క పక్కనుందన్న ధైర్యంతో వెతికాను.

“మీ అక్క పోయినా విగ్గులు పోలేదే. నా ఫోన్‌లోనూ అవే” అన్నారాయన, వారం తిరక్కుండానే. ఆ మాటకి కోపం రావాల్సింది. కానీ మేం వెతికినవి అంత గట్టిగా ఎవరు గుర్తుపెట్టుకుంటున్నారా అని ఆలోచనలో పడ్డాను. మర్నాడు మా స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెప్పే టీచర్ని అడిగాను.

“ఈ ప్రకటనలు మనం వెతికినదాన్ని పట్టుకుని మన వెంట పడతాయి మేడం. వేరే బ్రౌజర్ పెట్టుకోండి. ఉచితం. దాని ప్రోగ్రామ్ లోపల ఎలా రాశారో కావాలంటే ఎవరైనా చూడొచ్చు.”

“ఉచితమంటే, మరి ఎవరు చేస్తారు?”

“ఎక్కడెక్కడివాళ్లో. కొందరికి జీతం ఉంటుంది, చాలామందికి ఉండదు.”

జీతం లేని పని నాకు కొత్త కాదు. “వాళ్లెవరో తెలుస్తుందా?”

ఆమె ఒక పేజీ తెరిచింది. పైనుంచి కిందిదాకా పేర్లే. ఒక్క అక్షర దోషం దిద్దినవాళ్ల పేరు కూడా ఉంది. గంట కొట్టేదాకా చదువుతూ కూర్చున్నాను.

“ఇదుంటే ఎవరికీ ఏమీ తెలీదనుకోకండి మేడం. వెంటపడేవాళ్లు తగ్గుతారు, ఇంట్లో ఫోన్‌కి చేరదు. అంతవరకే.”

“అంతవరకు చాలమ్మా.”

ఆదివారం గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుని ఆ బ్రౌజర్ పెట్టుకున్నాను. ప్రకటనల్ని ఆపేది కూడా దానికి తగిలించాను. మా ఆయన వెనక నిలబడి చూస్తున్నారు.

“నా అకౌంట్ అడగలేదేం?”

“దీనికి అక్కర్లేదండీ.”

“మరి నువ్వేం చూస్తున్నావో నాకు...”

“కనపడదు.”

ఆయన హాల్లోకి వెళ్లి టీవీ పెట్టుకున్నారు.

వెతికే ఖాళీ గడిలో మొదట ఈత గురించి అడిగాను. వచ్చిందంతా నెమ్మదిగా చదివాను. ఆడవాళ్లకి నేర్పే చోటు మా స్కూలు దారిలోనే ఉంది. పక్కన విగ్గులు లేవు.

పాత బ్రౌజర్‌లో అక్కతో వెతికినవన్నీ ఇంకా ఉన్నాయి. తను వేలు పెట్టి చూపించిన విగ్గు కూడా, భుజాల దాకా వంకీలు తిరిగినది. అన్నీ ఒకేసారి చెరిపే మీట ఎక్కడుందో ఇప్పుడు నాకు తెలుసు. ఇంకా నొక్కలేదు.