వానదాకా ఉండే నీడ

పొద్దున్నే ఆదోనిలో బస్సెక్కి, మనుషులు చచ్చిన చోటికి పోయి చూసి రావడం ప్రణీత పని. లాయరు భూపేష్ ముద్దాయిల తరఫున కోర్టులో వాదిస్తాడు. పోలీసులు చూడకుండా వదిలేసింది ఈమె ఏరుకొచ్చి ఆయనకిస్తుంది.

కోసిగి పక్క పల్లెల్లో ఆ పని కొంత సులువు. అక్కడ కాని చావు చచ్చినవాళ్ల నీడ ప్రాణం పోయిన చోటే నేలకు అంటుకొని ఉండిపోతుంది. వాన పడితేనే కరుగుతుంది. ఫోటోలో పడదు. వానల్లేని సీమ కాబట్టి కొన్ని నీడలు ఏళ్ల తరబడి అట్లనే ఉంటాయి. జనం తొక్కకుండా పక్కనుంచి పోతారు, గొర్రెలూ అంతే. పంచనామాలో మాత్రం శవం ఎక్కడుందో రాస్తారు. నీడ ఎక్కడుందని ఎవరూ అడగరు.

బసవన్న శవం తమ్ముడు ఓబులేష్ చేని గట్టు మీద, తల పగిలి దొరికింది. ముందురోజే అన్నదమ్ములిద్దరూ ఆ గట్టు కోసం ఊరంతా వినేటట్టు తిట్టుకున్నారు. ఇంకేం కావాలి? ఓబులేష్‌ను జైల్లో వేశారు.

గట్టు మీద నీడ లేదు. అది పెద్దరైతు వీరభద్ర శెనక్కాయ చేను కంచె దగ్గర బోర్లా పడి ఉంది. కుడిచెయ్యి తీగవైపు చాచుకొని, వేళ్లు దేన్నో పట్టుకొని వదల్లేనట్టు ముడుచుకొని. పందులకని ఆ తీగకు వీరభద్ర కరెంటు పెట్టేవాడని ఊరందరికీ తెలుసు. శవం అరచేతిలో కాలిన గుర్తును డాక్టరు బీడీ మచ్చగా రాశాడని ప్రణీతకు తెలుసు.

"జడ్జి ముందర చెప్పరాదా అన్నా?" అని మేకలు తోలుకుపోతున్న నాగన్నను అడిగింది.

"నువ్వు సాయంత్రం బస్సుకు పోతావు మేడం. నా మేకలు ఈ వీరభద్ర యప్ప బోరు కాడనే నీళ్లు తాగల్ల."

చివరికి జడ్జే వచ్చి చోటు చూసేటట్టు భూపేష్ ఒప్పించాడు. సోమవారం వస్తారు. ఆ మాట చెప్పడానికి ప్రణీత అన్నదమ్ముల తల్లి నాగలక్ష్మమ్మ ఇంటికి పోయింది.

"సోమవారం దాకా వాన రాకుంటే చాలవ్వా."

"వాన రాకూడదని మొక్కమంటావా? ఈ ఊర్లోనా?" ముసలామె నవ్వింది. నవ్వులో తడి లేదు.

అంతలో వీధిలో డప్పులు మోగినాయి. బోరునీళ్లు ఎన్ని పారించినా నీడ కరగకపోయేసరికి, వీరభద్ర ఊరి మేలు కోరి కప్పతల్లిని తిప్పిస్తున్నాడు. రోకలికి కట్టిన కప్ప, వేపమండలు, వెనక ఆడోళ్లు. "నీళ్లు పొయ్యి నాగలక్ష్మమ్మా, నీ చేతితో పోస్తే వానొస్తాది" అన్నారెవరో. ఆమె బిందె ఎత్తి కప్ప మీద నిండుగా పోసింది.

"ఎందుకు పోస్తివవ్వా?" ప్రణీతకు కోపం ఆగలేదు.

"అందరి పైర్లూ ఎండిపోతాండాయి పాపా. పోయకుంటే నేనొగ మనిషినా?"

ఆదివారం మధ్యాహ్నం వాన వచ్చింది. శానా దినాలకు పడిన వాన. ఊరు ఊరంతా తడుస్తూ ఎగిరింది. ఆదోని నుంచి ఆటోలో ప్రణీత వచ్చేసరికి వాన వెలిసింది. కంచె దగ్గర బురదలో నాగలక్ష్మమ్మ బోర్లా పడుకొని ఉంది.

"పట్ట కప్పకపోతివా అవ్వా!"

"కప్పితి. వాని మనుషులు పీకేసినారు. నన్ను పీకలేకపోయినారు."

లేపి చూస్తే, ఆమె ఎదకింద నీడలో ఒక్క చెయ్యి మిగిలి ఉంది. ముడుచుకున్న వేళ్లతో.

మరునాడు జడ్జి ప్యాంటు తడుస్తున్నా గొంతుక్కూర్చొని ఆ చేతిని శానాసేపు చూశారు. తర్వాత తీగను చూశారు. పోలీసులను మళ్లీ మొదట్నుంచి విచారించమన్నారు.

ఓబులేష్ విడుదలై ఇంటికి వచ్చేసరికి, అరెస్టయిన వీరభద్ర అప్పటికే బెయిలు మీద ఊర్లోనే తిరుగుతున్నాడు. ఆ గాలి పీల్చలేక ఓబులేష్ పెండ్లాం బిడ్డలతో గుంటూరు పక్కకు సుగ్గికి పోయాడు, మిరపకాయలు కోసే కూలికి.

ఇంకో చావు చూడడానికి ఆ దారిన పోతూ ప్రణీత కంచె దగ్గర ఆగింది. చేతి నీడ పక్కన నాగలక్ష్మమ్మ కూర్చొని ఉంది.

"ఇంటికి పోరాదా అవ్వా?"

"ఆ వాన పొద్దే పోవల్సినోడు పాపా వీడు. చిన్నోని కోసరం వీని చెయ్యి పట్టుకొని నేనే నిలిపేస్తి. ఇంగ వానొస్తే వదిలేస్తా."

ప్రణీత తల ఎత్తి మబ్బుల కోసం వెతికింది.

ఆ ఏడు మళ్లీ వాన పడలేదు.